‘చచ్చిపోయింది’ అనే ముందు

“కంప్యూటర్ సైన్స్ చదువుతున్నావు కదా, కొంచెం ఇది చూడు నాయనా.”

ఈ మాట వినని వాళ్లు మన బ్యాచ్‌లో ఒక్కరు కూడా ఉండరు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, రిమోట్ పనిచేయకపోయినా, పక్కింటి అంకుల్ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయినా పిలుపు మనకే. సీఎస్‌ఈ అంటే కరెంటుతో నడిచే ప్రతిదీ మన సబ్జెక్టే అని ఇంట్లోవాళ్ల నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం మనకీ కొంచెం బాగానే ఉంటుంది. అందుకే “నాకు తెలియదు” అనే మాట మన నోట్లోంచి అంత తొందరగా రాదు.

నిరుడు నవంబరులో గద్వాల వెళ్లినప్పుడు ఈ మాట నాతో అన్నది మా ఫ్రెండ్ వాళ్లమ్మ. వాళ్ల చర్చిలో ఒక పాత పియానో ఉందట. శబ్దం రావట్లేదట. క్రిస్మస్ దగ్గరికొస్తోంది, ఒకసారి చూడమన్నారు. ఏదో కీబోర్డు అయ్యుంటుంది, అడాప్టర్ పోయుంటుంది అనుకుని చేతులూపుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే అది కీబోర్డు కాదు. ఎలక్ట్రిక్ పియానో. దాదాపు మా నాన్న వయసుంటుంది దానికి. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. నాలుగు కాళ్లు, 64 మెట్లు, ముందు భాగంలో రెండు స్పీకర్లు, ఒక ఎర్ర లైటు.

గద్వాలలో ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. గత శతాబ్దం మొదటి సగంలో అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలల్లో మిషన్ కేంద్రాలు పెట్టి బడులు, ఆసుపత్రులు, చర్చిలు నడిపారు. పాట వాళ్ల ఆరాధనలో పెద్ద భాగం. మిషనరీలు వెళ్లిపోయినా రాకపోకలు మాత్రం చాలాకాలం సాగాయి. అలా 1970ల చివర్లో వచ్చిన ఒక అతిథి దీన్ని ఇక్కడే వదిలి వెళ్లారని చర్చిలో పెద్దవాళ్లు చెప్పారు. అప్పటి నుంచి దాన్ని వాయిస్తున్నది ఒక్కరే. రిటైరైన స్కూల్ టీచర్. ఊళ్లో అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ఆ రోజు నేను చేసిన పని ఈ వ్యాసానికి కారణం. గొప్పగా చెప్పుకునే పని మాత్రం కాదు.

స్విచ్ వేశాను. అమెరికా వస్తువు కాబట్టి దానికి 120 వోల్టులే కావాలి. మన గోడలోంచి వచ్చేది 230. మధ్యలో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఉంది, ఇడ్లీ పాత్రంత బరువు. ఎర్ర లైటు వెలిగింది. మెట్టు నొక్కితే లోపల “టక్” మని చెక్క శబ్దం తప్ప ఏమీ లేదు. వాల్యూం తిప్పాను. ఇయర్‌ఫోన్ పెట్టే చోట ఒక పిన్ను పెట్టి తీశాను. లాభం లేదు. మూత విప్పి టార్చ్ వేసి చూశాను. ఆంప్లిఫయర్ బోర్డు మీద పాత కెపాసిటర్లు కనిపించాయి. ఇంటికెళ్లి యూట్యూబ్‌లో మూడు గంటలు వీడియోలు చూశాను. పాత వాటిలో ముందు పోయేది కెపాసిటర్లే అని అందరూ అంటున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఐదు రోజులకు వచ్చాయి. నాలుగు మార్చాను. సాల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకోవడం నాకు అది రెండోసారి.

అయినా శబ్దం రాలేదు.

అప్పుడు నేను సంఘ పెద్దల ముందు చాలా కాన్ఫిడెంట్‌గా ఇచ్చిన స్టేట్‌మెంట్ ఇది: “ఆంప్లిఫయర్ బోర్డు డెడ్ అండీ. దీనికి పార్ట్స్ దొరకవు. ఇంక ఇది చచ్చిపోయినట్టే.”

పండితుల వల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకున్న ఊరు అది. ఆ ఊళ్లో నేనూ ఒక పండితుడిలా తీర్పు చెప్పాను. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి చెప్పాడు కదా! పాత సామాన్ల వాళ్లకు కిలోల లెక్కన ఇచ్చేసి, అందరూ తలా కొంత వేసుకుని కొత్త కీబోర్డు కొందామని అక్కడికక్కడే అనుకున్నారు. టీచరమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్లి పియానో మూత వేసి, పైన కప్పే పాత చీరను నాలుగు వైపులా సరిచేసి వచ్చి కూర్చున్నారు.

ఆ చీర సరిచేయడం నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే లోలోపల నాకు తెలుసు. బోర్డు డెడ్ అని నేను ఎక్కడా కనుక్కోలేదు. నేను మార్చిన నాలుగు కెపాసిటర్ల వల్ల శబ్దం రాలేదు, అంతే. “నాకు దొరకలేదు” అనాల్సిన చోట “చచ్చిపోయింది” అన్నాను. ఈ రెండూ ఒకటి కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక వస్తువు పనికిరాదు అని చెప్పే హక్కు, అది ఎక్కడ పనిచేయడం ఆగిందో వేలు పెట్టి చూపించగలిగినవాళ్లకే ఉండాలి. మనకు, అంటే ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కు, ఆ వేలు పెట్టడం ఎవరూ నేర్పట్లేదు. కానీ ఆ తీర్పు చెప్పే అధికారం మాత్రం ఊళ్లోవాళ్లు అప్పుడే మన చేతిలో పెట్టేశారు.

మా ఫ్రెండ్‌కు వనపర్తిలో ఒక రేడియో మెకానిక్ తాత తెలుసు. మైక్ సెట్లు, ఆంప్లిఫయర్లు, టేప్ రికార్డర్లు బాగుచేసి బతికినాయన. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా బస్సులో వెళ్లి బతిమాలాం. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది కదా, మీరు అక్కడ చదివారా తాతా అని అడిగితే నవ్వాడు. “ఆ గేటు ముంగట చాయ్ తాగిన గాని లోపల చదువలే” అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక మీటరు, ఒక టెస్టర్, ఒక చిన్న సాల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని మాతో గద్వాల వచ్చాడు.

వచ్చీ రాగానే నన్ను అడిగిన మొదటి ప్రశ్న:

“శబ్దం యాడిదాంక వచ్చి ఆగింది బిడ్డా?”

“రావట్లేదు తాతా.”

“రావట్లేదన్నది నాకూ ఇనపడుతుంది. యాడ ఆగింది అని అడుగుతున్న.”

నా దగ్గర జవాబు లేదు. శబ్దం అనేది ఒక చోట బయలుదేరి ఇంకో చోటికి చేరుతుందని, దారిలో ఎక్కడో ఆగి ఉంటుందని నేను ఆలోచించనే లేదు. నాకు ఆ పియానో ఒక పెట్టె. పనిచేస్తుంది, లేదా పనిచేయదు.

ఆ దారి ఏమిటో ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హార్మోనియం లోపల ఇత్తడి రీడ్లు ఉంటాయని, గాలి తగిలితే అవి కంపిస్తాయని మనకు తెలుసు. ఈ రకం పియానోలోనూ రీడ్లే, కానీ ఉక్కువి. గాలి ఉండదు. మెట్టు నొక్కితే ఫెల్టు చుట్టిన చిన్న చెక్క సుత్తి లేచి రీడును కొడుతుంది. రీడు ఊగుతుంది. ఆ శబ్దం దోమ పాటంత కూడా ఉండదు. రీడును దాదాపు తాకేంత దగ్గరగా ఒక లోహపు పలక ఉంటుంది. దానికి సుమారు 150 వోల్టుల డీసీ ఇస్తారు. అంటే రీడు ఒక పక్క, పలక ఇంకో పక్క, మధ్యలో గాలి. ఇంటర్‌లో చదివిన కెపాసిటర్ ఇదే. రీడు ఊగినప్పుడు మధ్య దూరం మారుతుంది, దూరం మారితే కెపాసిటెన్స్ మారుతుంది, ఆ మార్పే సిగ్నల్. దాన్ని ప్రీ-ఆంప్లిఫయర్ కొంచెం పెంచుతుంది. అక్కడి నుంచి వాల్యూం, అక్కడి నుంచి పవర్ ఆంప్లిఫయర్, చివరికి స్పీకర్.

ఈ పద్ధతి వుర్లిట్జర్ కంపెనీ పియానోలతో పేరుకెక్కింది. 1950లలో మొదలై 1980ల మొదట్లో వాటి తయారీ ఆగిపోయింది. రే చార్లెస్ 1959 నాటి ‘వాట్ డ్ ఐ సే’లో వినపడేది ఆ రకం పియానోనే. ఇంకో ప్రసిద్ధ రకం రోడ్స్ పియానో. అందులో సన్నటి ఉక్కు కడ్డీలు, గిటార్‌లో లాగా అయస్కాంతపు పికప్‌లు ఉంటాయి. దాని కథ నాకు చాలా నచ్చింది. హెరాల్డ్ రోడ్స్ అనే సంగీతం మాస్టారు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, గాయపడి మంచానపడ్డ సైనికుల కోసం బి-17 బాంబర్ విమానాల అల్యూమినియం గొట్టాలతో ఒళ్లో పెట్టుకుని వాయించే చిన్న పియానోలు చేశాడు. తర్వాత వచ్చిన ఎలక్ట్రిక్ పియానోలకు అది తొలి మెట్టు. మనం పాత సామాన్ల కింద తోసేద్దామనుకున్న జాతి వస్తువు, అసలు పాత సామాన్లలోంచే పుట్టింది!

సరే, తాత దగ్గరికి వద్దాం. ఆయన రీడ్ల దగ్గర మొదలుపెట్టలేదు, స్పీకర్ దగ్గరా మొదలుపెట్టలేదు. సరిగ్గా మధ్యలో, వాల్యూం దగ్గర మొదలుపెట్టాడు. వాల్యూం పెంచి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, సన్నటి టెస్టర్ లోహపు భాగాన్ని వేలితో పట్టుకుని వాల్యూం కంట్రోల్ తీగ మీద ఆనించాడు. మన ఒంట్లోకి గాల్లోంచి కరెంటు తీగల హమ్మింగ్ ఎప్పుడూ చేరుతూనే ఉంటుంది. వాల్యూం నుంచి స్పీకర్ దాకా దారి బాగుంటే ఆ ముట్టుకోవడానికే స్పీకర్ గుయ్యిమనాలి. (ఇది తక్కువ వోల్టేజీ ఉన్న చోటు ఏదో తెలిసినవాళ్లు మాత్రమే చేసే పని. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి. ఇదే పెట్టెలో అరచెయ్యి దూరంలో 150 వోల్టులు ఉన్నాయి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో కాసేపు ఉంటాయి.)

గుయ్యిమనలేదు.

“అంటే బోర్డు పోయినట్టే కదా తాతా?” అన్నాను. నా తీర్పు నిజమవుతోందని నాకు సిగ్గులేని ఒక చిన్న సంతోషం.

ఆయన పట్టించుకోలేదు. వాల్యూంకూ స్పీకర్‌కూ మధ్య ఉన్న దారిని మళ్లీ సగం చేశాడు. ఆ సగాన్ని మళ్లీ సగం చేశాడు. మూడో సగానికి దొరికింది. నేను మార్చిన కెపాసిటర్లలో ఒకదాని కాలు. పైకి మెరుస్తూనే ఉంది, కానీ సీసం సరిగా కరిగి పట్టుకోలేదు. డ్రై సాల్డరింగ్. వేలితో కదిపితే కదిలింది.

“ఇది పియానో రోగం కాదు బిడ్డా. నువ్వు తెచ్చిన రోగం. రోగం యాడుందో తెల్వకుండ మందేసినవ్.”

ఫ్రెండ్ నవ్వు ఆపుకోవడానికి బయటికెళ్లాడు. తాత ఆ కాలు మళ్లీ అతికాడు. టెస్టర్ ఆనించాడు. స్పీకర్లు రెండూ ఒక్కసారిగా గుయ్‌మన్నాయి. నేను డెడ్ అని ప్రకటించిన బోర్డు అది.

కానీ మెట్లు నొక్కితే ఇంకా శబ్దం లేదు. అంటే అసలు రోగం ముందు సగంలో ఉంది. తాత పలక దగ్గర వోల్టేజీ చూశాడు. 150 దాకా ఉండాల్సిన చోట సున్నాకు కాస్త పైన. ఇక్కడ రెండే దారులు. వోల్టేజీ ఇచ్చేవాడు ఇవ్వకపోయి ఉండాలి, లేదా తీసుకునేవాడు మింగేస్తూ ఉండాలి. స్విచ్ ఆపి, కెపాసిటర్ల చార్జ్ పోగొట్టి, పలకకు వెళ్లే తీగ ఒక్కటి విప్పి, మళ్లీ ఆన్ చేసి మీటరు పెట్టాడు. 150 వచ్చేసింది. ఇచ్చేవాడు మంచివాడే. పలకా రీడ్ల మధ్య ఎక్కడో షార్ట్ ఉంది.

మళ్లీ అంతా ఆపి, టార్చ్ వేసి రీడ్ల వరస మీద ముగ్గురం తలలు ఆనించి వెతికాం. కుడి వైపు, సన్నటి స్వరాల దగ్గర, రీడుకూ పలకకూ మధ్య అడ్డంగా ఏదో మెరిసింది. తాత చెక్క పుల్లతో మెల్లగా తీశాడు.

స్టేప్లర్ పిన్ను.

పాటల కాగితాలకు కొట్టిన పిన్ను ఊడి, మెట్ల సందులోంచి లోపలికి జారి ఉంటుంది. రీడ్ల పైన మామూలుగా ఒక లోహపు మూత ఉండాలట. పాతకాలంలో ఎవరో రిపేరు చేసి తిరిగి బిగించడం మరిచిపోయారు. ఆ మూత లేకనే ఇది ఎప్పటి నుంచో కొంచెం గుయ్యిమంటూ ఉండేదని టీచరమ్మ చెప్పారు. పలకకు వోల్టేజీ వచ్చేది ఒకే దారిలో. అందుకని ఒక్క చోట షార్ట్ అయితే చాలు, మొత్తం 64 మెట్లూ మూగబోతాయి. ఆ దారిలో పెద్ద రెసిస్టర్ ఉంది కాబట్టి ఫ్యూజ్ పోదు, పొగ రాదు, ఎర్ర లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే ప్రాణం పోయినట్టే. లోపల ఒక పిన్ను, అంతే.

ఇప్పుడు మన సబ్జెక్ట్ భాషలో చెప్తాను. తాత చేసింది బైనరీ సెర్చ్. మధ్యలో టెస్ట్ పెట్టు. బాగున్న సగాన్ని వదిలేయి. బాగాలేని సగాన్ని మళ్లీ సగం చేయి. 64 చోట్ల వెతకాల్సిన దాన్ని 6 ప్రశ్నల్లో పట్టుకోవచ్చు. నేను ఫస్ట్ ఇయర్‌లో దీని మీద పది మార్కుల ప్రశ్న రాశాను. టైమ్ కాంప్లెక్సిటీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కోడ్‌లో ఏ కమిట్ దగ్గర బగ్ వచ్చిందో వెతకడానికి గిట్ బైసెక్ట్ వాడతాను, అదీ ఇదే. కానీ నిజమైన వస్తువు ముందు నిలబడినప్పుడు అది నాకు గుర్తుకే రాలేదు. ఎందుకంటే నేను దాన్ని పరీక్ష పేపర్‌లో ఉండే వస్తువుగా నేర్చుకున్నాను, తాత చేతిలో ఉండే అలవాటుగా నేర్చుకున్నాడు. ఆయనకు ఆ పేరు తెలియదు. నాకు పేరు మాత్రమే తెలుసు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ పూర్తిగా నాదే అని ఒప్పుకోను. మన ల్యాబులు ఎలా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. కిట్ రెడీగా ఉంటుంది. కనెక్షన్ల బొమ్మ రికార్డులో ఉంటుంది. రావాల్సిన రీడింగ్ సీనియర్ల రికార్డులో ముందే ఉంటుంది. ఎప్పుడైనా నిజంగానే కిట్ పనిచేయకపోతే, అంటే అసలు చదువు మొదలవ్వాల్సిన క్షణంలో, ఏమవుతుంది? “సార్, ఈ కిట్ పోయింది” అంటాం. ఇంకో కిట్ ఇస్తారు. పోయిన కిట్ బీరువా మీదికి వెళ్తుంది. రెండు సెమిస్టర్లు ల్యాబు చేసి, ఒక్క ఫాల్ట్ కూడా కనుక్కోకుండా ఎక్స్‌టర్నల్‌లో ఫుల్ మార్కులు తెచ్చుకోవచ్చు. నేను తెచ్చుకున్నాను.

కోడింగ్‌లోనూ అంతే. ఎర్రర్ వస్తే కాపీ చేసి చాట్‌బాట్‌లో పేస్ట్ చేస్తాం. అది మూడు మార్పులు చెప్తుంది. మూడూ చేసేస్తాం. పనిచేస్తే ఏ మార్పు వల్ల పనిచేసిందో తెలియదు, పనిచేయకపోతే మొదటి బగ్ మీద ఇంకో రెండు చేరతాయి. నాలుగు కెపాసిటర్లు మార్చినట్టే.

మా గద్వాలలో మగ్గం ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. పడుగులో వేల పోగులుంటాయి. ఒకటి తెగితే నేతన్న చీర పాడైందనడు, మగ్గం పోయిందనడు. ఏ పోగు ఎక్కడ తెగిందో వేలితో తడిమి పట్టుకుని ముడేస్తాడు. వెతకడం అక్కడ రోజువారీ పనిలో భాగం. మనకేమో సిలబస్‌లో లేని పని.

ఇక్కడ మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను హాస్టల్‌లో అడిగారు. “ఒరేయ్, ఇంత కష్టం ఎందుకు? కొత్త కీబోర్డు తేలిగ్గా ఉంటుంది, వంద రకాల సౌండ్లు ఉంటాయి, శృతి తప్పదు, స్టెప్‌డౌన్ పెట్టె అక్కర్లేదు. పాతదాని మీద ఇంత సెంటిమెంట్ అవసరమా?”

న్యాయమైన ప్రశ్న. నేను ప్రతి పాత వస్తువునూ బతికించాలి అనడం లేదు. కొన్ని నిజంగానే పోతాయి. అదే రోజు తాత ఒక రీడును టార్చ్ వెలుగులో నాకు చూపించి “ఇది పోయింది” అన్నాడు. అడుగున వెంట్రుకంత పగులు. నా కళ్లతో చూశాను. అది ఉక్కు, పగిలాక మళ్లీ అతకదు, ఆ మెట్టు ఇప్పటికీ పలకదు. ఇంకో రెండు మెట్లు శృతి తప్పాయి. రీడు కొసన సీసం బొట్టు ఉంటుంది, దాన్ని కొంచెం ఆకురాయితో రుద్దితే స్వరం పెరుగుతుంది, సీసం కలిపితే తగ్గుతుంది అని చెప్పి, “గది నా పని గాదు, చెవి ఉన్నోల్లు చెయ్యాలె” అని వదిలేశాడు. నేను గమనించింది ఇదే. ఆయన “పోయింది” అన్నదానికి ఒక పగులు చూపించాడు. “నాకు రాదు” అన్నచోట నాకు రాదు అన్నాడు. ఈ రెండింటినీ కలిపేయలేదు. కొత్తది కొనడం తప్పు కాదు. తెలుసుకుని కొనడానికీ, వెతకడం చేతకాక కొనడానికీ తేడా ఉంది.

ఇది ఒక్క చర్చి సంగతి కూడా కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో లెక్క ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతం. ఆ గుట్టలో నిజంగా చచ్చిపోయినవి ఎన్ని, స్టేప్లర్ పిన్ను పడినవి ఎన్ని? ఆ లెక్క ఎవరు చెప్పగలరు? మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. రిపేరు చేసుకోవడం హక్కు అంటున్నారు, మంచిదే. కానీ ఎక్కడ పాడైందో వెతకడం రానివాళ్ల చేతిలో ఆ హక్కు ఉండి ఏం లాభం?

ఇంకో మాట. ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి అంటున్నాను. ఇక్కడ ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు “తెలుగు చచ్చిపోతోంది” అంటారు. ఆ లిస్టులో నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లు ముందుంటారు. పియానో తర్వాత ఈ టెస్ట్ నా మీద నేనే చేసుకున్నాను. మాట్లాడటం? బాగుంది. వినడం, అర్థం చేసుకోవడం? బాగుంది. చదవడం? మెల్లగా, కానీ వస్తుంది. రాయడం దగ్గర ఆగింది. అందులోనూ ఒత్తుల దగ్గర, స, శ, ష దగ్గర. స్కూల్లో ఐదో క్లాసు తర్వాత చేత్తో తెలుగు రాసింది చాలా తక్కువ. అంతే. చచ్చిపోయింది భాష కాదు, నా చేతి అలవాటు. అదైతే రోజుకు ఒక పేజీతో బాగవుతుంది. ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్ చేత్తోనే రాశాను. ఎడిటర్ అక్క దిద్దిన ఎర్ర గీతలు ఎన్ని అని మాత్రం అడక్కండి.

చివరిగా నేను అడిగేది చిన్నది. బీరువా మీద పడి ఉన్న ఆ పాడైన కిట్లను కిందికి దింపండి. ఎలక్ట్రానిక్స్ ల్యాబు సార్లు ఒప్పుకుంటే, నెలకు ఒక శనివారం మధ్యాహ్నం, వాళ్ల ఎదుటే, ప్లగ్గు పీకి ఒక టేబుల్ మీద పెడదాం. బాగు చేయడం కూడా తర్వాతి మాట. మొదట రాయాల్సింది ఒకే లైను: “ఇది ఇక్కడ ఆగింది.” ఆ లైను రాయలేకపోతే “నాకు దొరకలేదు” అని రాసి సంతకం పెట్టాలి. దానికీ మార్కులివ్వాలి. ‘డెడ్’ అని ఊరికే రాస్తే మాత్రం సున్నా. మన ఊళ్లలో ఇంకా ఇలాంటి తాతలు కొందరు మిగిలారు. వాళ్లను ఒక్కసారైనా పిలవాలి, పిలిచినప్పుడు బస్ చార్జీతో పాటు ఫీజు కూడా ఇవ్వాలి. మా తాత తీసుకున్నది 500. ఆ రోజు నాకు చెప్పిన పాఠానికి మాత్రం ఏమీ తీసుకోలేదు.

పియానో సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. రేకు కత్తిరించి రీడ్ల మీద మూత చేశాం, ఎర్త్ తీగ కలిపాం, గుయ్యిమనడం బాగా తగ్గింది. టీచరమ్మ వచ్చి కూర్చున్నారు. పాట వాయిస్తారనుకున్నాను. వాయించలేదు. ఎడమ చివర మెట్టు ఒకటి నొక్కి, అది పూర్తిగా ఆగిపోయే దాకా విని, పక్కది నొక్కారు. అలా 64 మెట్లూ. పలకని మెట్టు దగ్గర రెండుసార్లు నొక్కి, తల ఊపి, ముందుకు వెళ్లారు. ఆమె కూడా ఎక్కడ ఆగిందో చూసుకుంటున్నారని నాకు కాసేపటికి అర్థమైంది. అన్నీ అయ్యాక నా వైపు తిరిగి, “అయితే బోర్డు బాగానే ఉందన్నమాట” అన్నారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ రిలేలో ఇరుక్కున్న చిమ్మటను అక్కడి ఇంజినీర్లు లాగ్ పుస్తకంలో టేపుతో అతికించి పెట్టారని మనం క్లాసులో విన్నాం. నా స్టేప్లర్ పిన్ను కూడా నా ల్యాబు రికార్డులో, ఫుల్ మార్కులు వచ్చిన పేజీ పక్కనే, సెల్లోటేప్ కింద ఉంది. టేబుల్ పెట్టే శనివారం ఎప్పుడో చెప్పండి. మొదటి వస్తువు నేనే తెస్తాను. మా అవ్వ రేడియో. పదేళ్లుగా ఇంట్లో అందరం దాన్ని చచ్చిపోయింది అంటున్నాం. ఒక్కరమూ మూత తీసి చూడలేదు.